పద్నాలుగో నంబరు కోసం అర్జీ

ఫిబ్రవరి 3

మా గంటమ్మకు నాన్న రాస్తున్నది.

మొన్న ఫోన్లో నువ్వు "కులాసానా" అని అడిగావట. నాకు "గులాబీనా" అని వినిపించింది. మనింట్లో గులాబీ మొక్కే లేదని నేను, అసలు మొక్క ఊసే రాలేదని మీ అమ్మ, ఇలా పది నిమిషాలు గడిచిపోయాయి. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంజను పక్కన కూర్చున్న చెవికి ఇంతకంటే ఏం మిగులుతుంది? అందుకని ఇకమీదట మన మాటలన్నీ కాగితం మీదే. కాగితానికి చెవుడు లేదు.

రిటైరై నాలుగు నెలలైంది. ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది, లేచి వెళ్ళడానికి మాత్రం డిపో లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని మీ అమ్మ సణుగుతోంది. ముందుగదిలో కూర్చుందామంటే అక్కడ ఆవిడ కుట్టుమిషను, కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళు. నన్ను చూసి వాళ్ళు మొహమాటపడతారని వంటింట్లోకి తోసేసింది. ఊరికే కూర్చోలేక అక్కడి డబ్బాలన్నీ ఏది ముందు కావాలో ఆ వరుసలో సర్దాను. రెండు రోజులు కాఫీలో ఉప్పు పడింది. "మీరు రిటైరయ్యారు, నేను కాలేదు. నా డబ్బాల జోలికి రాకండి" అంది. అలాగే అన్నాను. ఇంకేమంటాను?

కాలు కూడా రిటైరవలేదు. బార్బరు షాపులో కుర్చీ వెనక్కి వంచగానే నా కుడికాలు బ్రేకు కోసం వెతుక్కుంటుంది. పోయినవారం అతని సబ్బు గిన్నెని తన్నేశాను.

ఇక అసలు సంగతి. డిపో నోటీసుబోర్డు మీద ఒక ఆర్డరు అంటించారు. ఏప్రిల్ ఒకటి నుంచి పద్నాలుగో నంబరు రూటు రద్దు. పద్నాలుగు అంటే నా బస్సు. ఇరవై రెండేళ్ళు ఆ రూటు మీద ఒక కోడిపిల్లకి కూడా దెబ్బ తగలకుండా నడిపాను. నువ్వు చదువుకున్నదీ ఆ బస్సులోనే కదా, నా వెనక సీట్లో కూర్చుని, కనబడ్డ ప్రతి స్టాపుకీ గంట తాడు లాగుతూ. డిపో అంతా నిన్ను గంటమ్మ అని పిలిచింది అందుకే.

ఆర్డరు కింద పేరు లేదు, "ప్రణాళికాధికారి, ప్రధాన కార్యాలయం" అని మాత్రం ఉంది. నువ్వు పనిచేసేది ఆ భవనంలోనే కదా, గ్రాఫులు గీస్తానని చెప్పావు. ఆ మహానుభావుడు ఏ అంతస్తులో కూర్చుంటాడో కనుక్కో. నేనూ కండక్టరు బాబాయీ కలిసి అర్జీ మొదలుపెట్టాం. పంతొమ్మిదేళ్ళు నా వెనక తలుపు దగ్గర నిలబడి "రైట్ రైట్" అన్నవాడు, ఇప్పుడు నాతోపాటు ఇంటింటికీ తిరుగుతున్నాడు.

ప్రస్తుతానికి న్యూట్రల్‌లో ఉన్న
నాన్న


ఫిబ్రవరి 10

నాన్నా,

నీ ఉత్తరం ఆఫీసు లిఫ్టులో చదివాను. సబ్బు గిన్నె దగ్గర పైకే నవ్వేశాను. పక్కనున్న ఆయన తనని చూసి నవ్వాననుకుని చొక్కా సర్దుకున్నాడు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. నా గది కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్ళ బట్టల తీగ కనబడుతుంది. వాళ్ళింట్లో ఎవరికి సెలవో, ఎవరు ఊరెళ్ళారో ఆ తీగ చూసి చెప్పేయగలను. అమ్మ కుట్టిన నీలం చొక్కా వేసుకుని మీటింగుకి వెళ్తే ఎక్కడ కొన్నావని ముగ్గురు అడిగారు. ఆ మాట అమ్మకి చెప్పు.

నాన్నా, పద్నాలుగు సంగతి మీ ఇద్దరితో మాట్లాడాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఎదురుగా కూర్చుని చెబితేనే బాగుంటుంది. వీలు చూసుకుని వస్తాను. విన్నాక కోప్పడకండి. నేను బాగా ఆలోచించే ఈ నిర్ణయం తీసుకున్నాను.

అంతవరకూ అమ్మ డబ్బాలు ముట్టుకోకు.

నీ
పెద్దమ్మాయి (ఒక్కగానొక్క పిల్లనైనా నన్నలాగే పిలుస్తావు కాబట్టి)


ఫిబ్రవరి 17

మా గంటమ్మకు,

చేతిరాత వంకరగా ఉంటే క్షమించు. నా కళ్ళజోడు మీద మీ అమ్మ కూర్చుంది. "కుర్చీలో ఎందుకు పెట్టారు" అని తిట్టింది కూడా. కూర్చున్నది తను, తిట్లు తిన్నది నేను. కొత్త అద్దాలకి మూడు వారాలు పడుతుందట. రాయడం అలవాటు మీద రాసేస్తున్నాను గానీ చదవడం కుదరదు. నీ ఉత్తరం ఆవిడే చదివి వినిపించింది.

చదివి కాగితం మడిచింది. తర్వాత "పద్నాలుగో తారీఖున ఎవరినో తీసుకొస్తోంది" అంది. నా బస్సు గురించి అయుంటుందన్నాను. "లోకంలో ప్రతి పద్నాలుగూ మీ బస్సేనా?" అంది. కోప్పడవద్దందట, బాగా ఆలోచించి నిర్ణయం తీసుకుందట, ఇది బస్సు గురించి రాసే మాటలేనా అని నిలదీసింది. మర్నాటికల్లా ముందుగదికి కొత్త కర్టెన్లు కుట్టేసింది.

మాకు కోపమేమీ లేదమ్మా. ముప్పై నాలుగేళ్ళదానివి, నీ మంచిచెడ్డలు నీకు తెలుసు. అబ్బాయి ఎత్తెంతో రాయమంటోంది మీ అమ్మ, మన వంటింటి గుమ్మం పొట్టిది కాబట్టి. నేను అడిగేది ఒక్కటే, బండి నెమ్మదిగా నడుపుతాడా?

అర్జీ మీద నూట ఎనభై సంతకాలయ్యాయి. ముసాయిదా దీనితో పెట్టాను, భాష నువ్వు కాస్త దిద్ది పంపు. మూడో పేరాలో "ఈ ఆర్డరు వేసిన అధికారి జన్మలో బస్సు ఎక్కి ఉండడు" అని రాశాను. బాబాయి ఆ వాక్యం తీసేయమంటున్నాడు. ఎందుకో అడిగితే నీళ్ళు నములుతున్నాడు. అది నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం.

మీ నాన్న


ఫిబ్రవరి 23

నాన్నా,

అబ్బాయి ఎవరూ లేడు. అమ్మని కర్టెన్లు కిటికీకే ఉంచమను, బాగుంటాయి.

ఎదురుగా చెప్పాలనుకున్నాను. నీ అర్జీ నా బల్లమీదికొచ్చాక ఇంకా దాచడం తప్పు. ఆ ఆర్డరు వేసింది నేనే. ప్రణాళికాధికారిని నేనే.

పోయిన ఏడాది ప్రమోషన్ వచ్చిందని ఫోన్లో చెప్పాను. నీకు ఆపరేషన్ అని వినిపించి కంగారుపడ్డావు. ఆ కంగారు తీర్చేసరికి అసలు మాట పక్కకి పోయింది. తర్వాత నేనూ మళ్ళీ చెప్పలేదు. అప్పటికే నా ముందు పద్నాలుగు ఫైలు ఉంది.

మిల్లు మూతపడి ఎనిమిదేళ్ళయింది నాన్నా. మిల్లు గేటు దాటాక ఆ బస్సులో ఉండేది సగటున తొమ్మిది మంది. కొత్త ఆసుపత్రి ఏమో ఊరికి అటు చివర. అక్కడికి పోవాలంటే కూడలిలో దిగి, మైలున్నర నడవాలి. నడిచేవాళ్ళలో ఆరోగ్యంగా ఉన్నవాడు ఒక్కడూ ఉండడు. ఉన్నవి నాలుగు బస్సులు. వాటిని ఎటు తిప్పాలో నేను తేల్చాలి.

నీ అర్జీలో అక్షరం కూడా దిద్దను. దిద్దితే అది నీ అర్జీ కాదు. నా మీద కోపం వస్తే నాకే రాయి. నువ్వు మాట్లాడకపోతే మాత్రం నేను ఉండలేను.

నీ పెద్దమ్మాయి


మార్చి 2

గంటమ్మా,

నీ ఉత్తరం మీ అమ్మ చదివి వినిపించింది. ముందు తను లోపల చదువుకుంది, తర్వాత పైకి చదివింది. ఎప్పుడూ గడగడా చదివేది ఈసారి ఎందుకో ఆగి ఆగి చదివింది. కళ్ళు మండుతున్నాయంది. రాత్రింబగళ్ళు మిషను తొక్కితే మండవా?

అబ్బాయి లేడని తెలిసి నేను నిశ్చింతగా ఉన్నాను, ఆవిడ కర్టెన్ల వంక చూస్తోంది.

అర్జీలో అక్షరం కూడా దిద్దనన్నావు, దిద్దితే అది నా అర్జీ కాదన్నావు. నిజమే. ఆ ఆఫీసు జీతం తింటూ ఆ ఆఫీసు మీద అర్జీకి చెయ్యి వెయ్యమనడం నాదే పొరపాటు. నీ ఉద్యోగధర్మం నువ్వు చెయ్యి, నా పోరాటం నేను చేస్తాను. దీనివల్ల మన మధ్య ఏమీ రాదు. మనసులో పెట్టుకుని కుమలకు.

మార్చి పద్దెనిమిదిన డిపో శిక్షణగదిలో అభిప్రాయాలు వినే సమావేశం పెట్టారు. ఆ అధికారి స్వయంగా వచ్చి జవాబు చెప్పాలని డిపో మేనేజరుతో గట్టిగా అన్నాను. మనిషి ఏదో చెప్పబోయి, నీళ్ళు తాగి, ఊరుకున్నాడు. అందరికీ హెడ్డాఫీసంటే భయం. నాకేం భయం? ఎదురుగా వస్తే మొహం మీదే అడుగుతాను.

నాకు ఆకలి బాగా వేస్తోంది. రోజుకి మూడు వీధులు తిరుగుతున్నాను. మూడువందల పన్నెండు సంతకాలు.

మీ నాన్న


మార్చి 8

నాన్నా,

ఈ ఉత్తరం కోసం పది రోజులు పోస్టుమాన్ దారి కాచాను. నువ్వు తిడతావనుకున్నాను. అలిగి ఊరుకుంటావనుకున్నాను. "నీ ఉద్యోగధర్మం నువ్వు చెయ్యి, నా పోరాటం నేను చేస్తాను" అని రాస్తావని మాత్రం అనుకోలేదు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఇంత పెద్ద మనసు నీకే ఉంటుంది.

"ఎదురుగా వస్తే మొహం మీదే అడుగుతాను" అన్నావు కదా, వస్తున్నాను. అర్జీదారు మా నాన్నే అని మా పై అధికారికి ముందే చెప్పాను. ఇంకొకరిని పంపుతానన్నారు. నేనే వద్దన్నాను. నా నిర్ణయానికి నేనే జవాబు చెప్పాలి, తుది మాట మాత్రం మీరే చెప్పండి అన్నాను. ఒప్పుకున్నారు.

ఆ రోజు నేను నీ కూతురిలా మాట్లాడను, నువ్వూ నాన్నలా ఊరుకోకు. నువ్వు అడగదలచుకున్నవన్నీ అడుగు. నువ్వు తగ్గితే నాకు చిన్నతనం.

నీ పెద్దమ్మాయి


మార్చి 20

నాన్నా,

నీకు తెలియదు. ఆ గదిలోకి అడుగుపెట్టేవరకూ నీకు తెలియదన్న సంగతి నాకు తెలియదు.

నేను ఫైలుతో లోపలికి రాగానే నువ్వు మొదటి వరసలోంచి లేచి, చెయ్యి ఊపి, "మా అమ్మాయి, మన తరఫున వచ్చింది" అని పక్కవాళ్ళకి చెప్పావు. నీ పక్కన ఖాళీ కుర్చీ మీద చేతిరుమాలు వేసి ఉంచావు, నాకోసం. అప్పుడు అర్థమైంది. మేనేజరు నన్ను బల్ల వెనక్కి తీసుకెళ్ళి, ఈ మార్పు రూపొందించిన అధికారి వీరే అని చెప్పాడు. నువ్వు ఆ చేతిరుమాలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నావు. దాన్ని మరిచిపోవడం నా వల్ల కావడం లేదు.

అయినా లేచి, కొత్త కళ్ళజోడు పెట్టుకుని అర్జీ చదివావు. మూడో పేరా దగ్గరకొచ్చి ఆగిపోయావు. గదిలో అందరికీ ఆ వాక్యం తెలుసు, అందరూ నేల చూస్తున్నారు. నువ్వు దాన్ని దాటేసి నాలుగో పేరాకి వెళ్ళబోయావు.

"చదవండి" అన్నాను. "మీరు రాసింది మొత్తం రికార్డులోకి రావాలి."

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. నాకోసం నువ్వు ఒక్క వాక్యం మింగేస్తే, ఆ మూడువందల పన్నెండు మంది సంతకాలు నావల్ల తగ్గినట్టవుతుందనిపించింది. నువ్వు చదివావు. ఎవరో ఒకాయన నవ్వబోయి ఊరుకున్నాడు.

సమావేశం ముగిసి నేను కాగితాలు సర్దుకునేలోపు నువ్వు లేవు. బాబాయినీ వెంటబెట్టుకుని వెళ్ళిపోయావన్నారు. ఆఫీసు జీపు ఆగదు కాబట్టి నేను వచ్చేయాల్సి వచ్చింది. రెండుసార్లు ఫోన్ చేశాను. అమ్మ "ఇంట్లో లేరు" అని పెట్టేసింది.

నేను ఫిబ్రవరి ఇరవై మూడున అంతా రాశాను నాన్నా. ఒట్టు. ఆ ఉత్తరం ఏమైందో నాకు తెలియదు. "మీరు" అన్నందుకు కూడా కోపం వచ్చిందా? ఒక్క ముక్క రాయి, తిడుతూనైనా.

నీ పెద్దమ్మాయి


మార్చి 27

గంటమ్మా,

జవాబు ఆలస్యమైంది కోపంతో కాదు. కారణం దీనితోపాటు మడిచి పెట్టిన పటం. ముందు ఉత్తరం చదువు, తర్వాత దాన్ని విప్పు.

అబద్ధమెందుకు, మేనేజరు ఆ మాట చెప్పగానే ముందు తలుపు వైపు చూశాను. ఊరంతా తెలిసి ఇంటాయనకి తెలియలేదన్నమాట. డిపోలో అందరికీ తెలుసు. బాబాయికి జనవరిలోనే తెలుసట. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటిది రెండు నెలలు ఎలా దాచాడో దేవుడికే తెలియాలి. నా మొహం చూసి చెప్పలేకపోయానన్నాడు.

ఇక "మీరు" సంగతి. మాటలొచ్చినప్పటినుంచీ నన్ను "నువ్వు" అనే పిలిచావు. తండ్రిని అలా పిలవడమేమిటని మీ మేనత్త ఎన్నిసార్లు కోప్పడిందో. పిలవనీ అని నేనే అన్నాను. అందుకని ఆ రోజు నలభై మంది ముందు నువ్వు "మీరు" అంటే గుండె కలుక్కుమంది. చదివి కూర్చున్నాను. నా తర్వాత కూరలమ్మే ఆవిడ లేచింది. ఆవిడకి నీతో ఎలా మాట్లాడాలో తెలియక గొంతు పెంచింది. నువ్వు ఆవిడనీ "మీరు" అన్నావు. నాతో ఏ గొంతుతో అన్నావో అదే గొంతు. ఆవిడ వెంటనే నెమ్మదించి, తన గంపలతో రెండు బస్సులు మారడం ఎంత కష్టమో చెప్పింది. నువ్వు రాసుకున్నావు. అప్పుడు నాకు మనసు కుదుటపడింది. ఆ మాటతో నాకు తగ్గింది ఏమీ లేదు, ఆవిడకి పెరిగింది.

తర్వాత నువ్వు ఫైలు తెరవకుండా ఏ స్టాపులో ఎందరు ఎక్కుతారో, ఎందరు దిగుతారో చెబుతూ పోయావు. నేను లోపల్లోపల సరిచూసుకుంటున్నాను, ఎక్కడైనా దొరుకుతావేమోనని. దొరకలేదు. ఇరవై రెండేళ్ళు ఆ స్టాపులన్నిట్లో బ్రేకు వేసినవాణ్ణి నేను. ఒక్క అంకె తప్పు పట్టలేకపోయాను. ఆ క్షణం నా అర్జీ వీగిపోతోందని తెలుసు. అయినా వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూడాలనిపించింది, నా కూతుర్ని వింటున్నారా లేదా అని. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. నువ్వు రచ్చలోనే ఇంటివాణ్ణి గెలిచావు.

అయితే ఒక్కచోట దొరికావు. గిడ్డంగుల మూల. నీ కొత్త రూటు ఆసుపత్రికి ఆ మూల మీదుగా ఎడమకి తిరుగుతుంది. పొద్దున్న లారీలు సరుకు దించే వేళ అక్కడ పొడుగు బస్సు తిరగదు. నేను లేచి ఆ మాట అడిగినప్పుడు గదంతా నీవైపు చూసింది. నువ్వు కాసేపు ఆలోచించి, "మీరైతే ఎలా తిప్పుతారు?" అని అడిగావు. బోర్డు మీద గీసి చూపించాను. "మా పటంలో ఈ వెడల్పు తప్పుగా ఉన్నట్టుంది. సరైన కొలత దొరికితే రూటు మారుస్తాను" అన్నావు. తప్పుని తప్పు అని అంతమందిలో ఒప్పుకోవడం నాకు అరవై ఏళ్ళొస్తున్నా చేతకాలేదు. మీ అమ్మని అడుగు.

సమావేశం అవగానే మాయమైంది అందుకే. చీకటి పడేలోపు కొలవాలని బాబాయిని లాక్కుపోయాను. మీ అమ్మ కొలతల టేపు పట్టుకుపోయాం, అది ఐదడుగులే ఉంది. వాడు ఒక చివర, నేను ఒక చివర, పాకుతూ కొలిచాం. లారీవాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో. ఒక్కరోజు కొలిస్తే చాలదని వారమంతా పొద్దున్నే వెళ్ళాం. అందుకే ఫోనుకి దొరకలేదు. పటంలో అన్నీ ఉన్నాయి. బస్సు మూల దాకా రాకుండా ముందు వీధిలోనే తిప్పితే, వంద గజాలు ఎక్కువైనా ఆగదు.

నీ ఉత్తరం ఏమైందన్న ప్రశ్నకి జవాబు ముద్దాయే రాస్తుంది. కాగితం ఆవిడకిస్తున్నాను.

అమ్మ రాస్తున్నది. నీ ఉత్తరం అందింది. ఆయనకి సగమే చదివాను. రెండోదీ అంతే. తప్పే. కానీ విను. రిటైరైన దగ్గర్నుంచీ ఆయన సరిగా తినలేదు, ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడలేదు. డబ్బాలు సర్దిన కథ నీకు నవ్వుగా రాశారు గానీ, సర్దుతూ సర్దుతూ అక్కడే కూర్చుండిపోయిన మనిషిని నేను చూశాను. ఆ అర్జీ పట్టుకున్నాక మళ్ళీ చొక్కా ఇస్త్రీ చేసుకుని గుమ్మం దాటారు. ఆర్డరు నీదని తెలిస్తే ఆ క్షణమే అర్జీ చింపేసేవారు. ఆయన బాధ చూసి నువ్వు ఆర్డరు చింపేసేదానివి. మీ ఇద్దరూ ఒకరికోసం ఒకరు తగ్గితే మిగిలేది ఏముంది? అందుకని ఊరుకున్నాను. చేతిరుమాలు సంగతి నువ్వు రాస్తే చదివి ఏడ్చాను, అది వేరే విషయం. కళ్ళజోడు మీద మాత్రం నిజంగానే పొరపాటున కూర్చున్నాను.

చూశావుగా. ఈ ఇంట్లో ప్రణాళికాధికారి ఎవరో నాకిప్పుడు తెలిసింది.

మీ నాన్న


ఏప్రిల్ 4

నాన్నా, అమ్మా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను, ఎవరు చదివినా మొత్తం పైకి చదవాలని షరతు.

నీ పటం మా గదిలో గోడకి అంటించాను. మా సర్వేవాళ్ళు వెళ్ళి మళ్ళీ కొలిచారు. నీకూ వాళ్ళకీ తేడా నాలుగంగుళాలు. ఆ నాలుగంగుళాలూ అమ్మ టేపు సాగినవని వాళ్ళకి చెప్పాను. ముందు వీధిలోనే బస్సు తిరుగుతుంది. పై అధికారి సంతకం కూడా అయింది.

కూరలమ్మే ఆవిడ అడిగిందాన్ని బట్టి పాత రూటులో పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు ఉంచాం. అంతకుమించి ఇవ్వలేకపోయాను. నీకు ఇంకా ఇవ్వాలనిపించింది. ఇవ్వడానికి బస్సు లేదు. నువ్వు అర్థం చేసుకుంటావని తెలిసినా కష్టంగానే ఉంది.

ఈ మార్పులతో ఒకటో తారీఖు దాటిపోయింది, కొత్త రూటు సోమవారం మొదలు. నేను రాలేను, ఆ రోజు ఇంకో ఊళ్ళో ఇలాంటిదే ఇంకో సమావేశం. అక్కడి అర్జీదారు రిటైరైన హెడ్మాస్టరు. నాకు భయం లేదు. నీ ముందు నిలబడినదాన్ని, ఇక ఎవరి ముందైనా నిలబడగలను.

మీ పెద్దమ్మాయి


ఏప్రిల్ 12

పెద్దమ్మాయికి నాన్న రాస్తున్నది.

సోమవారం పొద్దున ఆరింటి ట్రిప్పు ఎక్కాను. జీవితంలో మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నాను. డ్రైవరు కుర్రాడు నన్ను గుర్తుపట్టి ముందుకు రమ్మన్నాడు. వద్దన్నాను. నా కుడికాలు అతని దగ్గరుంటే ఇద్దరికీ ప్రమాదం. వెనక కిటికీ పక్కన కూర్చున్నాను.

వెనక సీటు నుంచి బస్సు వేరేలా ఉంటుందమ్మా. ముప్పై ఒక్క ఏళ్ళు నేను అద్దంలోంచి ముందు రోడ్డు చూశాను. స్టాపులో ఆపాను, బాబాయి "రైట్" అన్నాడు, కదిలించాను. దిగినవాళ్ళు ఎటు వెళ్ళారో ఏనాడూ చూడలేదు. చూస్తే బండి నడవదు. కూడలిలో ఆసుపత్రికని దిగినవాళ్ళు ఎన్ని వందలమందో. వాళ్ళు అక్కడినుంచి మైలున్నర నడిచారని నీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు. ఆ ఉత్తరాన్ని కొత్త కళ్ళజోడు పెట్టుకుని మొన్న నేనే మొత్తం చదివాను. నువ్వు చూసింది ఆ నడక. ఎవరూ నేర్పకుండా చూశావు. నేను మాత్రం నేర్పలేదు, నాకే తెలియదు కాబట్టి.

కూడలిలో ఒక పెద్దావిడ ఎక్కింది. కాలికి కట్టు, చేతిలో ఎక్స్‌రే కవరు. అక్కడినుంచి నడిచిపోవడమే అలవాటు కాబట్టి తప్పు బస్సు ఎక్కానేమోనని కంగారుపడుతోంది. బస్సు ఆసుపత్రి వరకూ పోతుందని చెప్పి నా పక్కన కూర్చోబెట్టాను. నమ్మలేదు. ప్రతి మలుపులోనూ "ఇక్కడ దింపేస్తారా" అని అడుగుతూనే ఉంది. గిడ్డంగుల ముందు వీధిలో బస్సు ఒక్క ఊపుకి తిరిగింది. నా కుడికాలు అక్కడ లేని బ్రేకుని తొక్కిపట్టి ఉందని దిగేటప్పుడు గాని తెలియలేదు.

గేటు ముందు ఆగింది. ఆవిడ చెయ్యి పట్టుకుని దింపాను. మెట్టు దగ్గర్నుంచి గేటు దాకా అడుగులు లెక్కపెట్టాను, ఇరవై రెండు. కట్టుకాలితో ఇరవై రెండడుగులు. ఆవిడ గేటు పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగి బస్సువైపు చూసింది.

"ఈ బస్సు రోజూ ఉంటుందా నాయనా?" అని అడిగింది.

"ఉంటుందమ్మా" అన్నాను. "ఇది మా అమ్మాయి బస్సు."

నాన్న